సొంత చెరువులో హైబ్రిడ్ సన్‌ఫిష్: ఎన్ని వేశాం, ఎన్ని తీశాం అన్నదే అసలు పని

టెక్సాస్‌లో ఊరవతల నాలుగెకరాలో పదెకరాలో కొనుక్కున్న మనవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే: "అందులో ఒక పాండ్ ఉందండీ, ఏం చేప వెయ్యమంటారు?" చెరువు ఎకరం లోపు ఉండి, రోజూ మేత వేసే మనిషి ఇంట్లో ఉంటే హైబ్రిడ్ సన్‌ఫిష్ వెయ్యమంటాను. శనాదివారాలు సిటీ నుంచి వచ్చి చూసిపోయేవాళ్ళకి మాత్రం చానల్ క్యాట్‌ఫిష్ చాలంటాను. సన్‌ఫిష్‌కి మీ కన్ను రోజూ కావాలి. ఆ కన్ను పెట్టగలిగితే ఇంతకన్నా సంతోషపెట్టే చేప చిన్న చెరువులో ఇంకోటి లేదు. గట్టు మీద అడుగుల చప్పుడు వినగానే గుంపుగా ఒడ్డుకొస్తాయి, ఆరేళ్ళ పిల్లాడు గాలం వేసినా పడతాయి, అరచేయంత పెరిగాక వేపుడుకి అంత రుచైన చేప ఈ దేశపు మంచినీళ్ళలో తక్కువ.

మా చెరువు అర ఎకరం. డల్లాస్‌కి తూర్పున, నల్లరేగడి నేల. కింద చెప్పేవన్నీ ఆ అర ఎకరం ముందు పెట్టుకుని చెబుతున్నాను. మీ చెరువు కొలతని బట్టి లెక్క మార్చుకోండి.

ముందు ఈ చేప సంగతి. సన్‌ఫిష్ ఈ దేశపు మంచినీటి చేపల కుటుంబం, బ్లూగిల్, గ్రీన్ సన్‌ఫిష్ అందులోవే. ఎక్కువగా అమ్మే హైబ్రిడ్ సన్‌ఫిష్ మగ బ్లూగిల్‌కీ ఆడ గ్రీన్ సన్‌ఫిష్‌కీ పుట్టినది. హైబ్రిడ్ బ్లూగిల్ అనీ అంటారు. గ్రీన్ సన్‌ఫిష్ నుంచి పెద్ద నోరూ, ఆబగా తినే గుణమూ, ఓర్పూ వచ్చాయి. గుండ్రటి ఒళ్ళు బ్లూగిల్ నుంచి వచ్చింది. మేత గుళికలు వేస్తే తల్లిదండ్రుల కంటే త్వరగా పెరుగుతుంది. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఈ జతకి పుట్టిన పిల్లల్లో నూటికి ఎనభై నుంచి తొంభై ఐదు వరకూ మగవే ఉంటాయి.

అదెందుకు ముఖ్యమో ఆంధ్రా చేపల చెరువులు చూసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. బొచ్చె, రాగండి మామూలు చెరువులో పిల్లలు పెట్టవు, వాటికి పారే నది కావాలి. అందుకే మనం ఎన్ని పిల్లల్ని వదిలితే దాదాపు అన్నే ఉంటాయి. బ్లూగిల్ అలా కాదు. నీళ్ళు వెచ్చబడితే చాలు, ఒడ్డు దగ్గర పళ్ళెంలాంటి గుంటలు చేసుకుని, ఒక్కో ఆడచేప వేల గుడ్లు పెడుతుంది, అదీ ఒకే వేసవిలో పలుమార్లు. చిన్న చెరువులో అన్ని నోళ్ళకి తిండి చాలదు. మూడు నాలుగేళ్ళకి చెరువు నిండా మూడంగుళాల ముసలి చేపలు మిగులుతాయి. ఆడవి తక్కువున్న హైబ్రిడ్‌తో ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. చేపల సంఖ్య మీ చేతిలో ఉంటుంది, తిన్న మేత గుడ్లకి పోకుండా ఒంటికి పడుతుంది.

"చాలావరకు" అని కావాలనే అన్నాను. హైబ్రిడ్లు గొడ్డువని అమ్మేవాళ్ళు కొందరు చెబుతారు. అది నిజం కాదు. మందలో ఉన్న ఆ కొద్ది ఆడవి గుడ్లు పెడతాయి, పిల్లలూ బతుకుతాయి. ఆ రెండో తరానికి మొదటి తరపు జోరు ఉండదు. కొన్ని అచ్చం గ్రీన్ సన్‌ఫిష్‌లా తయారవుతాయి, మేత దగ్గర పెద్దవాటితో పోటీపడతాయి, ఎదగవు. వాటిని తినేసే కాపలాదారు చెరువులో ఉండి తీరాలి. ఆ పని లార్జ్‌మౌత్ బాస్‌ది.

ఎన్ని వెయ్యాలి

చెరువు విస్తీర్ణం ఊహించకండి, టేపు పట్టుకుని కొలవండి. పొడవునీ వెడల్పునీ అడుగుల్లో గుణించి 43,560తో భాగిస్తే ఎకరాలు వస్తాయి. 200 అడుగుల పొడవు, 110 అడుగుల వెడల్పు ఉంటే సుమారు అర ఎకరం. కంటి అంచనా మీద ఆధారపడ్డవాళ్ళందరూ చెరువుని ఉన్నదానికంటే పెద్దగానే చెబుతారు. ఆ తర్వాత వేసే చేపలూ మేతా మందూ అన్నీ ఆ తప్పు లెక్క వెంటే నడుస్తాయి.

మేత వేసి పెంచేటట్లయితే ఎకరానికి 500 నుంచి 750 హైబ్రిడ్లు, 50 బాస్. మా అర ఎకరానికి నేను ఎంచుకున్నది 300 హైబ్రిడ్లు, 25 బాస్. ఇంకా వెయ్యొచ్చు కదా అని అడుగుతారు. వెయ్యొచ్చు, అప్పుడు చేపలు చిన్నవిగా ఉంటాయి, ఆగస్టులో మీకు నిద్ర ఉండదు. తక్కువ వేసి పెద్దవి చేసుకోవడమే ఈ చేపతో సుఖం.

హైబ్రిడ్ పిల్లల్ని ముందు వెయ్యండి. రెండు మూడు అంగుళాలవి శరత్కాలంలో, అక్టోబరు, నవంబరు నెలల్లో వదిలితే నీళ్ళు చల్లగా ఉంటాయి కాబట్టి రవాణా బడలిక తక్కువ. రెండంగుళాల బాస్ పిల్లల్ని మరుసటి వేసవి మొదట్లో వదలండి. అప్పటికి హైబ్రిడ్లు బాస్ నోట్లో పట్టనంత అవుతాయి. ముందే పెద్ద బాస్ ఉన్న చెరువులో రెండంగుళాల సన్‌ఫిష్ వదిలితే మీరు కొన్నది బాస్ మేతే. అలాంటి చెరువులో ఐదారు అంగుళాల పిల్లలే కొనాలి, ఖరీదెక్కువైనా సరే.

ఈ చెరువులో బాస్ పెద్దదవుతుందని ఆశ పెట్టుకోకండి. దానికి కావలసినన్ని చిన్న చేపలు ఇక్కడ పుట్టవు. పెద్ద బాస్ కావాలనుకుంటే మామూలు బ్లూగిల్ వెయ్యాలి. బాస్‌నీ బ్లూగిల్‌నీ జతగా వేసే పద్ధతిని 1930ల్లో అలబామాలోని ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్, ఈ.వి. స్మిత్ మొదలుపెట్టిన పరిశోధన నిలబెట్టింది. అది ఎకరం దాటిన చెరువులకి బాగా నప్పుతుంది. రెండు కోరికలూ ఒకే అర ఎకరంలో తీరవు, ఒకటి ఎంచుకోండి.

పిల్లల్ని వదిలే ముందు

పాత చెరువైతే ముందే ఏవో చేపలు ఉంటాయి. చిన్న గాలానికి వానపాము గుచ్చి ఒక సాయంత్రం కూర్చోండి, వల ఉంటే ఒడ్డు వెంట లాగండి. గ్రీన్ సన్‌ఫిష్, బ్లూగిల్, బుల్‌హెడ్ (చిన్నరకం క్యాట్‌ఫిష్) ఏవి కనబడినా వాటి మధ్యలో హైబ్రిడ్లు వెయ్యడం డబ్బు దండగ. బ్లూగిల్ ఆడచేప ఒక్కటున్నా మీ మగ హైబ్రిడ్లతో జతకడుతుంది, లెక్క మీ చేయి దాటిపోతుంది. చెరువు ఎండగట్టి మళ్ళీ నింపడం అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి. గుంటల్లో కూడా నీళ్ళు మిగలకూడదు. చేపల్ని చంపే రోటెనోన్ మందుతోనూ చేస్తారు గానీ అది లైసెన్సు ఉన్నవాళ్ళే వాడాల్సిన మందు, వాళ్ళనే పిలవండి.

గుర్తుపట్టడం నేర్చుకోండి. బ్లూగిల్‌కి నోరు చిన్నది, మొప్ప చివర చెవిలాంటి రెక్క అంచుదాకా నల్లగా ఉంటుంది, వీపు రెక్క వెనక చివర అడుగున ఒక నల్లమచ్చ. గ్రీన్ సన్‌ఫిష్‌కి నోరు పెద్దది, బుగ్గల మీద నీలి పచ్చ గీతలు, రెక్కల అంచున పసుపో నారింజో. హైబ్రిడ్ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది. రెండంగుళాల పిల్లల్లో తేడా చెప్పడం కష్టం. కాబట్టి అమ్మేవాడిని సూటిగా అడగండి: మగది ఏది, ఆడది ఏది, బ్లూగిల్ పిల్లలు కలిసే వీలుందా అని. నికరంగా చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఫీడ్ స్టోర్ల దగ్గరికి హేచరీ ట్రక్కులు వచ్చే రోజులు ఉంటాయి, ముందే ఆర్డరు పెట్టుకోవాలి. ఏ చేప వేయడానికి అనుమతి కావాలో మీ రాష్ట్రపు వైల్డ్‌లైఫ్ శాఖని అడిగి తెలుసుకోండి, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు.

నీళ్ళ సంగతి కొంచెమే చెబుతాను. పీహెచ్ ఆరున్నర నుంచి తొమ్మిది మధ్య ఉంటే చాలు. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం, లీటరుకి 20 మిల్లీగ్రాముల కంటే తగ్గితే వ్యవసాయ సున్నం వెయ్యాలి. మా నల్లరేగడిలో ఆ అవసరం రాదు. ఇంకా తూర్పుకి పోతే, పైన్ అడవుల ఇసక నేలల్లో తరచూ వస్తుంది. లోతు ఎక్కడో ఒకచోట ఎనిమిది పది అడుగులుండాలి. మంచు గడ్డకట్టే ఉత్తరాది రాష్ట్రాల్లో ఇంకా లోతు కావాలి. ఒడ్డులు మరీ పల్చగా ఉంటే నాచు పట్టేస్తుంది, అడుగు లోతుకి మూడడుగుల వాలు మంచిది.

అలుగు తప్పకుండా చూసుకోండి. వాన ఉధృతికి మీ చేపలు పక్క వాగులోకి పోకూడదు. సన్‌ఫిష్ కొత్త నీళ్ళలో పడితే ఏమవుతుందో జపాన్ చూసింది. 1960లో ఇప్పటి మాజీ చక్రవర్తి అకిహితో యువరాజుగా ఉన్నప్పుడు షికాగో మేయర్ బహుమతిగా ఇచ్చిన బ్లూగిల్స్‌ని జపాన్ తీసుకెళ్ళారు. తిండి చేపగా పనికొస్తుందనుకున్నారు. అవి సరస్సుల్లోకి చేరి అక్కడి చేపల్ని దెబ్బతీశాయి, 2007లో ఆయనే ఆ విషయమై బాధపడ్డారు. ఇండియాకి పట్టుకెళ్ళి మన ఊరి చెరువులో వేద్దామని ఎవరైనా అంటే నేను వాళ్ళకి ఈ కథే చెబుతాను.

పిల్లలు వచ్చిన రోజు తొందరపడకండి. ఆక్సిజన్ నింపిన సంచిని నీడన చెరువులో తేలనివ్వండి. పావుగంట, అరగంట ఆగాక మూతి విప్పి చెరువు నీళ్ళు కొద్దికొద్దిగా కలపండి. లోపలి నీళ్ళకీ బయటి నీళ్ళకీ తేడా ఐదు డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుకి వచ్చాకే సంచి వంచండి. అవంతట అవే ఈదుకుంటూ వెళ్ళాలి.

మేత

తేలే గుళికలే కొనండి. మునిగే మేత తిన్నాయో లేదో మీకు తెలియదు. మాంసకృత్తులు నూటికి 32కి తగ్గకూడదు, 36 నుంచి 40 ఉంటే ఇంకా బాగుంటుంది, సన్‌ఫిష్ పురుగుల్ని తినే జాతి కదా. పిల్లలకి సన్న గుళిక, నాలుగంగుళాలు దాటాక అంగుళంలో పదహారో వంతులు మూడు, అంటే 3/16 సైజు. బస్తా మీద తయారైన తేదీ చూసి, మూడు నెలల్లో అయిపోయేంతే కొనండి. బూజు వాసన వస్తే పారెయ్యాలి, చేపకి పెట్టకూడదు.

రోజూ ఒకేచోట, ఒకే వేళకి వెయ్యండి. గాలి వాటుకి గుళికలు ఒడ్డుకి కొట్టుకుపోని చోటు చూసుకోండి. మొదట ఒక గుప్పెడు చల్లి నిలబడండి. నీళ్ళు బుడబుడలాడితే ఇంకో గుప్పెడు. పది పదిహేను నిమిషాల్లో అయిపోయినంతే ఆ రోజు మేత. మిగిలి తేలుతుంటే రేపు తగ్గించండి. నేను మేత డబ్బాతో పాటు ఒక పుస్తకం, దారం కట్టిన థర్మామీటరు తీసుకెళతాను. తేదీ, నీటి వేడి, వేసిన మేత, చేపల హుషారు రాసుకుంటాను. మేత తినడం ఒక్కసారిగా తగ్గితే నీళ్ళలో ఏదో తేడా వచ్చిందని అర్థం, చేప చచ్చి తేలేకంటే ముందే ఆ పుస్తకం చెబుతుంది.

నీళ్ళు 60 డిగ్రీలు దాటాక మొదలుపెట్టండి. 70 నుంచి 85 మధ్య బాగా తింటాయి. 90కి చేరితే తగ్గించి, ఎండ తగ్గిన సాయంత్రాల్లో కాకుండా ఉదయం ఎండెక్కి నీళ్ళలో ఆక్సిజన్ పెరిగాక వెయ్యండి. చలికాలంలో ఎండ కాసిన మధ్యాహ్నాల్లో ఓ గుప్పెడు చాలు, 50కి పడిపోతే మానెయ్యండి.

ఎంత వెయ్యొచ్చన్నదానికి పై హద్దు ఉంది. ఏరేటర్ (నీళ్ళలోకి గాలి పంపే యంత్రం) లేని చెరువులో ఎకరానికి రోజుకి పది పౌండ్లు దాటనివ్వకండి. మా అర ఎకరానికి ఐదు. 300 చేపలు అర పౌండు చొప్పున ఉంటే మొత్తం 150 పౌండ్లు, ఒంటి బరువులో నూటికి రెండు వంతులు చొప్పున రోజుకి మూడు పౌండ్లు. హద్దులోనే ఉన్నాం. అదే ఎకరానికి రెండు వేల లెక్కన చేపలు కుక్కినవాళ్ళు లెక్కేసుకోండి, ఆ చెరువు ఏరేటర్ లేకుండా ఆగస్టు దాటదు. సరిగ్గా సాగితే రెండో వేసవి చివరికి అర పౌండు చేప వస్తుంది. తర్వాత చేపల సంఖ్య తగ్గించుకుంటూ పోతే ముప్పావు, పౌండు చేపలూ చూస్తారు.

తెల్లవారుజాము భయం

చిన్న చెరువులో చేపలు పోయేది ఎక్కువగా ఆక్సిజన్ వల్లే, జబ్బుల వల్ల తక్కువ. పగలు నీటిలోని పాచి ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే పాచి, చేపలు, అడుగు బురద అన్నీ కలిసి వాడుకుంటాయి. సూర్యోదయానికి ముందు అది అట్టడుగుకి వస్తుంది. వేడి నీళ్ళు ఆక్సిజన్‌ని తక్కువగా పట్టుకుంటాయి. దానికి తోడు రెండు మూడు రోజులు మబ్బు పట్టి గాలి ఆడకపోతే ప్రమాదం. లీటరుకి ఐదు మిల్లీగ్రాములుంటే చేపకి హాయి, మూడు కంటే తగ్గితే ఇబ్బంది.

ఆ రోజుల్లో తెల్లవారుజామున లేచి చూడండి. చేపలు పైకొచ్చి నోరు తెరుచుకుని నీటి అంచున గాలి కోసం ఆడుతుంటే ఆలస్యం చెయ్యకండి. పంపు పెట్టి నీళ్ళు గాలిలోకి ఎగజిమ్మి మళ్ళీ చెరువులోనే పడనివ్వండి, మేత ఆపెయ్యండి. ఆక్సిజన్ తగ్గినప్పుడు పెద్ద చేపలు ముందు పోతాయి. చచ్చినవన్నీ పెద్దవే, చిన్నవి తిరుగుతున్నాయి అంటే కారణం విషం కాదని చాలావరకు నమ్మొచ్చు.

వేసవి నడుమ ఇంకో గండం ఉంది. పైన వెచ్చటి పొర, కింద చల్లటి పొర విడిపోయి ఉంటాయి. కింది పొరలో ఆక్సిజన్ ఉండదు. పెద్ద ఉరుముల వాన, చల్లటి గాలి పడగానే రెండూ కలిసిపోయి చెరువంతా ఒక్కసారి ఊపిరాడనిదవుతుంది. అందుకే అడుగున పెట్టే ఏరేటర్ని వసంతంలోనే మొదలుపెట్టండి. నడివేసవిలో కొత్తగా పెడితే మొదటి రోజు అరగంటే నడపండి, రెండో రోజు గంట, ఆ తర్వాత రోజుకి రెట్టింపు చేసుకుంటూ పోండి. ఒక్కసారే వదిలేస్తే ఆ పొరల్ని మీరే కలిపి చేపల్ని చంపినవారవుతారు. మంచు దేశాల్లో చలికాలం అదే ఏరేటర్ని లోతులోంచి తీసి తక్కువ లోతుకి జరపాలి, అడుగున చేపలకి మిగిలిన కాస్త వెచ్చదనం పోకూడదు.

నీళ్ళ రంగు చూడడానికి కర్రకి తెల్ల పళ్ళెం కట్టి దింపండి. ఒకటిన్నర నుంచి రెండు అడుగుల దాకా కనబడుతూ ఉంటే సరి. అడుగు లోపే మాయమైతే పాచి ముదిరింది, మేత తగ్గించండి. పాచికి మందు కొట్టాల్సివస్తే చెరువులో మూడో వంతు మాత్రమే ఒకసారికి. అంతా ఒకేసారి చంపితే అది కుళ్ళి ఆక్సిజన్ మొత్తం తాగేస్తుంది. కలుపు గడ్డికి గ్రాస్ కార్ప్ మంచి సాయం, టెక్సాస్‌లో పిల్లలు పెట్టలేని ట్రిప్లాయిడ్ రకమే, అదీ పర్మిట్ తీసుకుని. కొంగలు, నీటికాకులు కొన్ని చేపల్ని తింటాయి. చట్టం వాటిని కాపాడుతుంది, చంపకూడదు. ఒడ్డు వాలు నిటారుగా ఉంటే కొంగ పని కష్టమవుతుంది, అంతే మనం చెయ్యగలిగేది.

పట్టడం, మళ్ళీ వెయ్యడం

జూన్, జులైల్లో ఒడ్డు వెంట నడుస్తూ పిల్లల గుంపులు చూడండి. మేత దగ్గర రెండంగుళాలవి పోగవుతున్నాయంటే బాస్ చాలడం లేదని అర్థం. అందుకే మొదటి మూడేళ్ళు పడ్డ బాస్‌నల్లా నీళ్ళలోకే వదిలెయ్యాలి. అతిథులు ఫొటో దిగి బాస్‌ని ఇంటికి పట్టుకెళతామంటే నేను మొహమాటపడను, వద్దంటాను.

హైబ్రిడ్లు ఎనిమిదంగుళాలు దాటాక తియ్యడం మొదలుపెట్టండి. 8 నంబరు గాలం, వానపాము ముక్క చాలు. వదిలేద్దామనుకున్న రోజు గాలం ముల్లు నొక్కెయ్యండి, ఈ చేప ఆబగా మింగుతుంది. అన్నిట్లో పెద్దవాటినే ఏరి తినకండి, అన్ని సైజులూ తీస్తూ ఉండండి. పక్క ఎముకలు చిన్నవి కాబట్టి పిల్లలకి పెట్టేటప్పుడు కండ ఒలిచి ఇవ్వండి. పెద్దవాళ్ళకైతే పొలుసు గీకి, రెండు వైపులా గాట్లు పెట్టి, ఉప్పూ కారం పసుపూ నిమ్మరసం పట్టించి పెనం మీద వేయించడమే. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, పులుసులో కూడా విరగదు.

తీసిన ప్రతి చేపనీ పుస్తకంలో రాయండి, బంధువులు పట్టినవీ, చచ్చి తేలినవీ. వేసినవాటిలోంచి ఇవి తీసేస్తే ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. సగానికి దగ్గరపడ్డాక శరత్కాలంలో తీసినన్నే మళ్ళీ వెయ్యండి, ఈసారి ఐదంగుళాలకి తగ్గకుండా. అప్పటికి మీ బాస్ చిన్న పిల్లల్ని మింగేంత అయి ఉంటాయి, మొదటిసారిలా రెండంగుళాల పిల్లల్ని వేస్తే ఇప్పుడు ఒక్కటీ మిగలదు. మేత దగ్గర ఎదగని రెండో తరమే ఎక్కువ కనబడుతూ, పుస్తకంలో లెక్కకీ చెరువులో కనబడేదానికీ పొంతన లేకుండా పోతే పైపైన పిల్లల్ని వేస్తూ పోకండి. చలికాలం ముందు చెరువు ఎండగట్టి మొదటినుంచీ మొదలుపెట్టండి.